తొరపల్లి రాజాజీ – ఎల్లలు లేని గాలి

ఉగాది సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మిత్రులు కోరినప్పుడు, మన పాత హోసూరు తాలూకాలో పుట్టి లోకప్రసిద్ధి గన్న ఒక పెద్దమనిషి జీవితాన్ని చదువరుల ముందు ఉంచుదామనుకొన్నాము. అత్తిముగం నుంచి, ఆ చుట్టుపట్ల పల్లెల నుంచి బ్రతుకుదెరువు కోసం బయలుదేరి పరాయి ఊళ్ళలో స్థిరపడిన మన కుటుంబాలలో ఆయన పేరు తెలియనివారు లేరు. అయితే ఆ పేరు వినగానే మన పెద్దలలో కొందరి కనుబొమలు ముడిపడతాయి. ఆయన చక్రవర్తి రాజగోపాలాచారి, అనగా రాజాజీ.

ఆ ముడి ఎందుకు పడిందో దాచవలసిన అవసరం లేదు. మనవి రాష్ట్ర సరిహద్దున పుట్టిన బ్రతుకులు. తెలుగువారికొక రాష్ట్రం కావాలన్న ఆందోళన పరాకాష్ఠ నందుకొన్న రోజులలో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి రాజాజీయే. ఎల్లల తగాదాలో ఆయన మనకు ఎదుటి పక్షాన నిలిచారు. అటువంటి మనిషి తన వార్ధక్యాన్ని ఎల్లలే లేని ఒక వస్తువు కోసం, లోకమంతా పీల్చే గాలి కోసం, వెచ్చించారన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. ఈనాడు వాతావరణ మార్పు గురించి, దేశాల మధ్య పర్యావరణ న్యాయం గురించి విశ్వవిద్యాలయాలలో పరిశోధనలు సాగుతున్నాయి. మన ఊరి పిల్లలు కూడా ఆ చదువులకు పోతున్నారు. ఆ శాస్త్రం కథలో మన సీమవాని పాత్ర ఒకటి ఉన్నదని వారికి చెప్పడం మన బాధ్యత అని మా నమ్మకం.

రాజాజీ 1878 వ సంవత్సరం డిసెంబరు 10 వ తేదీన హోసూరుకు చేరువనున్న తొరపల్లి అగ్రహారంలో జన్మించారు. తండ్రి వెంకటరాయ అయ్యంగారు ఆ గ్రామ మునసబు. ఇల్లు తమిళ వైష్ణవుల ఇల్లే అయినా, ఆ సీమ మూడు భాషలది. సంతలో తెలుగు, పక్క వీధిలో కన్నడం, ఇంట తమిళం వినబడే పల్లెలవి. ఆనాడు హోసూరు తాలూకా సేలం జిల్లాలో ఉండేది. 1965 లో ధర్మపురి జిల్లాకు, 2004 లో కృష్ణగిరి జిల్లాకు మారింది. వీధిబడి చదువు తరువాత పిల్లవాడు హోసూరు పాఠశాలలోను, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి న్యాయశాస్త్ర పట్టం పొందాడు. 1900 లో సేలంలో వకీలుగా వృత్తి ప్రారంభించి కొద్దికాలంలోనే పేరూ ధనమూ గడించాడు. 1917 నుంచి రెండేళ్ళపాటు సేలం పురపాలక సంఘానికి అధ్యక్షుడు.

1919 లో గాంధీజీ పరిచయంతో ఆ జీవితం మలుపు తిరిగింది. వకీలు వృత్తికి స్వస్తి చెప్పి సహాయ నిరాకరణోద్యమంలో దిగారు. 1925 లో తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం స్థాపించి ఖద్దరు పని, మద్యనిషేధ ప్రచారం సాగించారు. 1930 లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి ఉప్పు సత్యాగ్రహ యాత్ర నడిపి జైలుకు వెళ్ళారు. 1937 లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి కాగానే మద్యనిషేధాన్ని తొలిసారిగా అమలు చేసింది మన సేలం జిల్లాలోనే. ఆ చట్టం హోసూరు పల్లెలను కూడా తాకింది. హిందీని నిర్బంధ పాఠ్యం చేసి తమిళుల ఆగ్రహానికి గురి అయిందీ ఆ పదవిలోనే. 1942 లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని ఒప్పుకొనక కాంగ్రెసు నుంచి దూరమయ్యారు. పదిమంది ఒక దారిని పోతుంటే తనకు తోచిన దారిని ఒంటరిగా పోవడం ఆయన స్వభావం. స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాలు గవర్నరు, 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 వరకు గవర్నరు జనరల్. ఆ పదవి నధిష్ఠించిన భారతీయుడు ఆయన ఒక్కడే.

ఇక మన ఫిర్యాదు. 1952 ఏప్రిల్‌లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ అక్టోబరు 19 వ తేదీన పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహార దీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 వ తేదీ రాత్రి ప్రాణాలు విడిచారు. ఆ దీక్షాకాలంలో ముఖ్యమంత్రి చూపిన కాఠిన్యాన్ని తెలుగువారు మరువలేదు. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం మనకు దక్కలేదు. హోసూరు ప్రాంతమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ తరువాత కుటుంబ వృత్తులతో ముడిపెట్టిన ప్రాథమిక విద్యా పథకం మీద తమిళదేశంలోనే పెద్ద అలజడి లేచి, 1954 ఏప్రిల్‌లో ఆయన పదవి విడిచారు. ఇవన్నీ చరిత్రలో ఉన్నవే. వీటిని కప్పిపుచ్చి ఆయనను పొగడటం మా ఉద్దేశం కాదు.

అదే 1954 మార్చి 1 వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులలో, బికినీ అనే చోట, అమెరికా ఒక జలవాయు బాంబును పేల్చింది. దాని బలం శాస్త్రజ్ఞులు వేసిన అంచనాకు రెండున్నర రెట్లు వచ్చింది. హిరోషిమా మీద పడినదానికి అది సుమారు వేయింతలు. నిషిద్ధమని ప్రకటించిన ప్రాంతానికి వెలుపల చేపలు పట్టుకొంటున్న ఒక జపాను పడవ మీద తెల్లటి బూడిద వానలా కురిసింది. అందులోని ఇరవై ముగ్గురూ జబ్బుపడ్డారు. వారిలో ఒకడు సెప్టెంబరులో మరణించాడు. దీవులలోని ప్రజలు కూడా ఆ బూడిదకు గురై ఇళ్ళు విడువవలసి వచ్చింది. ఏ యుద్ధంలోనూ లేనివారు, ఎవరికీ శత్రువులు కానివారు, గాలి మోసుకు వచ్చిన విషానికి బలి అయినారు.

ఆ విషం ఎట్లా వ్యాపిస్తుందో కొంచెం చెప్పాలి. పెద్ద బాంబు పేలినప్పుడు లేచే సన్నని ధూళి మేఘాలను దాటి చాల పైపొరలకు పోతుంది. అక్కడ నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి, భూగోళాన్ని చుట్టి క్రమంగా దిగుతుంది. వానతో నేలమీద పడుతుంది. గడ్డిలో చేరుతుంది, గడ్డి మేసిన ఆవు పాలలో చేరుతుంది. అందులో స్ట్రాన్షియం 90 అనే పదార్థం సున్నపు ధాతువును పోలి ఉంటుంది. మన రాగి సంకటిలోని కాల్షియం ఎట్లా బిడ్డల ఎముకకు పడుతుందో, ఆ విషమూ అట్లాగే ఎముకను పట్టుకొంటుంది. దాని బలం సగానికి తగ్గడానికే సుమారు 29 ఏళ్ళు పడుతుంది. బికినీలో పేలినదాని ధూళి ఎవరి పొలంలో పడాలో నిర్ణయించే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. సరిహద్దు రాయి నేలకే గాని గాలికి లేదు గదా!

1954 ఏప్రిల్ ఆరంభంలో నెహ్రూగారు పార్లమెంటులో మాట్లాడుతూ, అన్ని దేశాలూ ఒప్పుకొని ముందు ఈ ప్రయోగాలనైనా నిలిపివేయాలని కోరారు. పదవి విడిచిన రాజాజీ ఆ విషయాన్నే చేతబట్టారు. అప్పటికాయనకు 75 ఏళ్ళు. అదే సంవత్సరం భారతరత్న బిరుదు పొందిన తొలి ముగ్గురిలో ఆయన ఒకరు. హాయిగా రామాయణ భారతాలు వ్రాసుకొంటూ కాలం గడపవలసిన వయస్సు. వ్రాస్తూనే ఉన్నారు కూడా. కాని దేశవిదేశ పత్రికలకు ఉత్తరాలు, వ్యాసాలు పంపుతూ, సభలలో మాట్లాడుతూ, అణ్వస్త్రాల మీద ఎడతెగని పోరు సాగించారు. ఎదుటివాడు వదిలేదాకా ఆగక అమెరికా తానే ముందుగా ఈ ఆయుధాలను త్యజించాలని వాదించారు. ఆ మాట విని నవ్వినవారు కలరు. వృద్ధుని ఛాదస్తమని కొట్టివేసినవారూ కలరు.

ఆయన వాదంలో మాకు పాత సేలం వకీలు కనబడతాడు. పైరు మీదికి పొగ వదిలిన పొరుగువాడు అది తన స్థలంలోని పొయ్యే గదా అని తప్పించుకోలేడు. ఇది పల్లెలో పంచాయతీ పెద్ద కూడా చెప్పే న్యాయమే. దేశాల మధ్య దీనికి ఒక ముందు తీర్పు ఉన్నది. కెనడాలోని ట్రెయిల్ అనే ఊరి లోహపు కొలిమి పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలను పాడుచేసినప్పుడు, మధ్యవర్తుల న్యాయసభ 1941 లో ఇచ్చిన తుది తీర్పులో, పొరుగు దేశానికి పొగతో గట్టి నష్టం కలిగించే హక్కు ఏ దేశానికీ లేదని నిర్ణయించింది. నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. అయితే అక్కడ పొగ విడిచినవాడూ, నష్టపోయినవాడూ ఇరుగుపొరుగులు. బాంబు ధూళి విషయంలో నష్టపోయేది లోకమంతా. వాది ఎవరు? న్యాయస్థానం ఏది? ఆ ప్రశ్నకు ఆనాడు జవాబు లేదు.

1958 చివరి నుంచి అగ్రరాజ్యాలు మూడూ ప్రయోగాలను తాత్కాలికంగా ఆపాయి. 1961 సెప్టెంబరులో సోవియట్ రష్యా మళ్ళీ మొదలుపెట్టింది. అక్టోబరు 30 వ తేదీన పేల్చినది మానవుడు పేల్చిన బాంబులన్నిటిలో పెద్దది. 1962 లో అమెరికా కూడా పసిఫిక్‌లో వరుసగా పేలుళ్ళు జరిపింది. ఆ జూన్‌లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం ఢిల్లీలో అణ్వస్త్ర వ్యతిరేక సభ జరిపింది. రాజేంద్రప్రసాద్‌గారు, రాజాజీ అందులో పాల్గొన్నారు. అప్పటికి రాజాజీ నెహ్రూ ప్రభుత్వానికి బద్ధవిరోధి. 1959 లో స్వతంత్ర పార్టీని లేవదీసినది ఆయనే. దానికి తొలి అధ్యక్షులు మన ఆచార్య రంగాగారు. ఆర్థిక విధానాలలో నెహ్రూతో ప్రతిదినం పోట్లాడే ఆ మనిషి, గాలి విషయంలో మాత్రం ఆయనతో ఒకే దిక్కుగా నడిచారు. ఎక్కడ తగవు పెట్టుకోవాలో, ఎక్కడ పెట్టుకోరాదో తెలిసిన పెద్దరికం అది.

ఆ సభ తరపున రాజాజీ, ఆర్. ఆర్. దివాకర్, బి. శివరావు అమెరికా వెళ్ళారు. 1962 సెప్టెంబరు చివర వారు అధ్యక్షుడు కెనెడీని కలుసుకొన్నారు. రాజాజీ వయస్సు అప్పటికి 83 ఏళ్ళు, కెనెడీ వయస్సు 45. తొరపల్లి మునసబుగారి కుమారుడు ధోవతి, పైపంచ, చేతికర్రతో వెళ్ళి, ఏ సైన్యమూ ఏ ధనమూ వెనుక లేకుండా, లోకంలోని బలవంతునితో వాదానికి కూర్చున్నాడు. నిర్ణయించిన వేళ దాటినా సంభాషణ సాగింది. పేలుళ్ళు ఆపవలసిందన్నది ఒక్కటే ఆయన కోరిక. ఆ మరుసటి నెలలోనే క్యూబా విషయమై అమెరికా, రష్యాలు అణుయుద్ధం అంచుదాకా పోయి వెనుదిరిగాయి. అదే అక్టోబరులో చైనా మన దేశం మీద దండెత్తింది. శాంతి అన్నవారిని పిరికిపందలని తిట్టే రోజులు వచ్చాయి. అయినా రాజాజీ తన మాట మార్చలేదు.

1963 ఆగస్టు 5 వ తేదీన మాస్కోలో అమెరికా, రష్యా, ఇంగ్లండు కలిసి పాక్షిక ప్రయోగ నిషేధ ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఆగస్టు 8 వ తేదీన దానిని ఇతర దేశాలకు తెరవగా భారతదేశం ఆనాడే సంతకం చేసింది. అక్టోబరు 10 వ తేదీ నుంచి అది అమలులోకి వచ్చింది. గాలిలోనూ, నీటిలోనూ, అంతరిక్షంలోనూ పేలుళ్ళు నిషిద్ధం. భూగర్భంలో జరిపినా ఆ విషం స్వదేశపు ఎల్ల దాటరాదన్న షరతు పెట్టారు. మానవుని పరిసరాలను ధార్మిక పదార్థాలతో కలుషితం చేయడం ఆపాలన్న కోరికను ఆ ఒడంబడిక పీఠికలోనే వ్రాశారు. అంతర్జాతీయ పర్యావరణ న్యాయం అని ఈనాడు పిలిచే శాస్త్రానికి ఇది తొలి మెట్లలో ఒకటి. ఇది రాజాజీ వల్లనే వచ్చిందని మేము అనము. తల్లుల ఉద్యమాలు, శాస్త్రజ్ఞుల నివేదికలు, క్యూబా నాటి భయం, అన్నీ కలిసి దానిని తెచ్చాయి. ఆ అన్నిటిలో మన సీమ గొంతు కూడా ఒకటి ఉన్నదని మాత్రం అంటాము.

ఒడంబడికలోని లోపాలనూ చెప్పాలి. భూగర్భ ప్రయోగాలు సాగుతూనే వచ్చాయి. ఫ్రాన్సు, చైనా సంతకం చేయలేదు. 1973 లో ఆస్ట్రేలియా, న్యూజిలాండు ఫ్రాన్సు మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి. గాలిలో ఇక పేల్చబోనని ఫ్రాన్సు ప్రకటించడంతో, 1974 లో న్యాయస్థానం అసలు ప్రశ్నకు తీర్పు చెప్పకుండానే ఆ వ్యాజ్యం ముగించింది. గాలిలో చివరి పేలుడు 1980 లో చైనా జరిపినది. మన దేశం కూడా 1974 లోనూ, 1998 లోనూ పోఖరాన్‌లో భూగర్భ ప్రయోగాలు చేసింది. రాజాజీ కోరిన సంపూర్ణ త్యాగం ఎవరూ చేయలేదు. ఆయన మనదేశానికి గాని అగ్రరాజ్యాలకు గాని పూర్తిగా నచ్చిన సలహాదారు ఎన్నడూ కాలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ఆ పేలుళ్ళ వల్ల గాలిలో కార్బన్ 14 అనే ధార్మిక బొగ్గు పెరిగి, 1963 ప్రాంతంలో ఉత్తరార్ధ గోళంలో సహజ పరిమాణానికి సుమారు రెట్టింపు అయింది. ఒడంబడిక తరువాత కొత్తది చేరడం చాలవరకు ఆగింది. ఉన్నది క్రమంగా తగ్గసాగింది. తగ్గినది ఎక్కడికి పోయింది? చెట్లలోకి, సముద్రంలోకి. నీటిలో రంగు కలిపి కాలువ ఎటు పారుతుందో చూచినట్లు, ఆ గుర్తును పట్టుకొని శాస్త్రజ్ఞులు బొగ్గుపులుసు వాయువు గాలి నుంచి సముద్రంలోకి ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టారు. అదే కాలంలో, 1958 నుంచి, హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ వాయువును కొలవసాగాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో అది సుమారు 315 పాళ్ళు. ఈనాడు 420 దాటింది. యంత్రయుగానికి ముందు అది 280 మాత్రమే. భూమి వేడెక్కడానికి ముఖ్యకారణం ఈ పెరుగుదలే. బాంబు విడిచిన గుర్తే ఈ రెండవ ప్రమాదాన్ని అర్థం చేసుకొనడానికి ఒక కొలబద్ద అయిందన్నమాట.

న్యాయమూ అదే బాటలో నడిచింది. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ, తన ఎల్లలలో జరిగే పనులు ఇతర దేశాల పరిసరాలకు హాని చేయకుండా చూడడం ప్రతి దేశానికీ బాధ్యత అని ప్రకటించింది. ఆ డిసెంబరు 25 వ తేదీన రాజాజీ మద్రాసులో 94 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. 1992 లో రియోలో వాతావరణ మార్పు ఒప్పందం, 2015 లో పారిస్ ఒప్పందం వచ్చాయి. 2025 జూలై 23 వ తేదీన అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాలకు చట్టరీత్యా బాధ్యత అని, దానిని ఉల్లంఘిస్తే జవాబుదారీ తప్పదని తన అభిప్రాయం తెలిపింది. ఆ అభిప్రాయాన్ని అడిగించడంలో ముందు నిలిచినది పసిఫిక్‌లోని చిన్న దేశం వనువాటు. ఒకనాడు బాంబు బూడిద కురిసిన మార్షల్ దీవులే ఈనాడు పెరుగుతున్న సముద్రానికి భయపడుతున్నాయి. వారు విడిచిన పొగ స్వల్పం. వారి మీద పడే దెబ్బ మాత్రం గొప్పది.

ఇదంతా మనకెందుకని ఎవరైనా అడగవచ్చును. అత్తిముగం పక్కన చెరువు నిండడమూ ఎండడమూ మన చేతిలో లేదు. రాగి చేను వానకోసం ఆకాశం చూస్తుంది. ఆ వాన తమిళనాటిదా, కర్ణాటకదా, ఆంధ్రదా అని రైతు అడగడు. వేళకు వచ్చిందా లేదా అని మాత్రమే అడుగుతాడు. మన కుటుంబాలలో ఎన్నో ఊరు విడిచినది వాన తప్పిన సంవత్సరాలలోనే గదా! సరిహద్దు రాళ్ళ వల్ల మన భాషకు నష్టం కలిగింది, నిజమే. ఆ బాధ మనది, దానిని మనం మరువనక్కరలేదు. కాని సరిహద్దు దాటివచ్చే కష్టాలకు సరిహద్దు దాటే న్యాయమే మందు. ఆ న్యాయం కోసం తొలినాళ్ళలో అడిగినవారిలో మన పొరుగూరివాడు ఒకడు.

తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు ఈనాడు స్మారక గృహం. ఈ ఉగాదికి సొంతూరు వెళ్ళే కుటుంబాలు పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకొని వెళ్ళవలసిందని మా కోరిక. అక్కడ పొట్టి శ్రీరాములుగారి సంగతీ చెప్పండి, కెనెడీ ఎదుట కూర్చున్న ముసలివాని సంగతీ చెప్పండి. రెండూ వినిన పిల్లవాడే మనిషిని తూచడం నేర్చుకొంటాడు. వేపపూత చేదునూ బెల్లపు తీపినీ ఒకే దోసిట పుచ్చుకొనే పండుగ నాడు ఈ మాట చెప్పడం అసందర్భం కాదనుకొంటాము. చదువరులందరికీ కొత్త సంవత్సరంలో వేళకు వానలు, శుభ్రమైన గాలి, సొంతూరి పలకరింపు లభించుగాక అని కోరుకొంటున్నాము.